జనరేటర్ సెల్ఫ్ పట్టడం లేదా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

సబ్సిడీ యూనిట్ కింద జనరేటర్ తీసుకున్న లబ్ధిదారుల కోసం ఈ వివరాలు. తాళం తిప్పితే ఇంజిన్ తిరగకపోతే చాలామంది బ్యాటరీ పోయిందనుకుని వేలు పోసి కొత్తది కొంటారు. తీరా చూస్తే తప్పు టెర్మినళ్ల దగ్గర ఉంటుంది.

ముందు శబ్దం వినండి. టకటకమని వరుసగా కొట్టుకుంటే ఛార్జి దిగిపోయినట్టే. నెలల తరబడి వాడకపోతే అదే దిగిపోతుంది. ఒక్కసారి 'టక్' మని ఆగితే వైరు వదులు కావచ్చు, సెల్ఫ్ మోటారు కావచ్చు. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్ చూడాలి.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి చిలుము ఉంటే తాళం ఆఫ్ చేసి ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి తుడవండి, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఆరాక ముందు ప్లస్, చివర మైనస్ బిగించాలి. ఈ వరుస తప్పితే పానా ఇంజిన్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, జాగ్రత్త.

మీటరు ఉంటే కొలవండి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దాకా చూపాలి. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించండి.

సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లకు మించి కొట్టకండి, మోటారు కాలుతుంది. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి స్టార్ట్ చేయడం అస్సలు వద్దు. ఇంజిన్ తిరుగుతూ అందుకోకపోతే ఈ వైర్ల జోలికి పోకుండా డీజిల్, ఆయిల్ చూడండి. వారంటీ ఉండగా మోటారు మీరు విప్పవద్దు. డీలరుకు రాసిచ్చి, కాపీ దగ్గర పెట్టుకోండి.