సమరయుడు మళ్ళీ వస్తానన్నాడు

మంచి సమరయుని ఉపమానం వినని బిడ్డ మన సంఘాల్లో ఉండదు. గాయాలు కట్టడం, నూనె పోయడం, తన వాహనం మీద ఎక్కించుకోవడం, పూటకూళ్ళ ఇంటికి చేర్చి రెండు దేనారాలు ఇవ్వడం ఇవన్నీ మనకు గుర్తే. ఆ తర్వాతి మాట మీద ప్రసంగాలు తక్కువ. తాను మళ్ళీ వస్తానని అతడు పూటకూళ్ళవానితో చెప్పాడు. డబ్బిచ్చి చేతులు దులుపుకోలేదు. దారిలో దొరికిన మనిషిని ఒక ఇంట్లో అప్పగించాక, అతడెలా ఉన్నాడో చూడడానికి తిరిగి రావడం కూడా పరిచర్యలో భాగమే.

ఈ వారం మేము చెప్పదలచుకున్నది అలాంటి ఇళ్ళ గురించే. బుద్ధిమాంద్యం ఉన్నవారిని ఉంచుకుని చూసే ఆశ్రమాలు, హోములు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి. క్రిస్మస్‌కు, పుట్టినరోజులకు, జ్ఞాపకార్థ కూటాలకు మన సంఘాల నుంచి వాటికి బియ్యం బస్తాలు, దుప్పట్లు, ఒక పూట భోజనం వెళ్తుంటాయి. అది మంచి పనే. కాని మన వ్యాను వెనుదిరిగాక ఆ రాత్రి అక్కడ ఎలా గడుస్తుందో మనలో ఎంతమందికి తెలుసు?

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. బుద్ధిమాంద్యం వేరు, మానసిక జబ్బు వేరు. మానసిక జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం చిన్ననాటి నుంచే ఉంటుంది. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, తన పనులు తాను చేసుకోవడం నెమ్మదిగా సాగుతాయి. అది దయ్యమూ కాదు, తల్లిదండ్రుల పాపఫలమూ కాదు. సరైన శిక్షణ ఉంటే వీరిలో చాలామంది స్నానం, భోజనం, చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకోగలరు. ఇలాంటి శిక్షణ కోసమే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ సంస్థ ఒకటి ఏర్పడింది. తల్లిదండ్రులకూ, ప్రత్యేక ఉపాధ్యాయులకూ అక్కడ నేర్పుతారు.

అయినా ప్రతి తల్లికీ ఒక దిగులు ఉంటుంది. మేము పోయాక వీడిని ఎవరు చూస్తారు? ఆ దిగులే చాలామందిని హోము గుమ్మం దాకా తీసుకువస్తుంది.

అక్కడ ఉండేవారికి ప్రమాదం ఎక్కువ. వారు చెడ్డవారి మధ్య ఉంటారని కాదు, తమకు జరిగింది చెప్పుకోలేరు కాబట్టి. కడుపునొప్పి వస్తే కొందరు అరుస్తారు, తల గోడకు కొట్టుకుంటారు. చూసేవారు దాన్ని మొండితనం అనుకుంటారు. డాక్టరుకు చూపించే బదులు మత్తుమాత్ర వేస్తారు. మూర్ఛ వచ్చేవారికి ఒక్క రోజు మందు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. మింగడం కష్టమైనవారికి గబగబా ముద్దలు పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. వీటిలో దేనికీ క్రూరత్వం అక్కరలేదు. మనుషులు చాలకపోవడం, తెలియకపోవడం చాలు.

బయటికి ఏమీ కనిపించకుండా లోపల చెడుతూ ఉండడం అంటే ఏమిటో కోనసీమవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్న కుటుంబాలు కాలిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. గొట్టం లోపల తుప్పు పట్టింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివారు ఆనాడు వాపోయారు. పైనుంచి చూస్తే కొబ్బరితోట కొబ్బరితోటలాగే ఉంది.

హోముల్లోనూ ఇదే జరుగుతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. అందులో బుద్ధిమాంద్యం ఉన్నవారిని ఉంచేవారు. దానికి అనుమతి ఉంది, ప్రభుత్వ తనిఖీ ఉంది. లోపల సిబ్బంది రోగులను కొడుతున్నారని ఒక నర్సు పైవారికి తెలిపినా కదలిక లేదు. చివరికి 2011లో బీబీసీ విలేకరి రహస్య కెమెరాతో ఆ దృశ్యాలు చూపించాకే అది మూతపడింది. 11 మంది నేరస్థులుగా తేలారు, వారిలో ఆరుగురు జైలుకు వెళ్ళారు. ఢిల్లీ రోహిణిలోని ఆశాకిరణ్ ప్రభుత్వమే నడిపే హోము. 2024 జూలైలో అక్కడ పదిమందికి పైగా చనిపోయారు. స్థోమతకు మించి జనాన్ని ఉంచారని బయటపడింది. తాగునీటిని పరీక్షించమని హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇతరుల తప్పులు లెక్కపెట్టి ఊరుకుంటే మనకు న్యాయం కాదు. ఆ మరుసటి నెలలోనే అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో, ఒక క్రైస్తవ ట్రస్టు నడిపే వసతి గృహంలో, కలుషితాహారం తిని గిరిజన పిల్లలు చనిపోయారు. వారు దివ్యాంగులు కారు. కాని తల్లిదండ్రులు వారిని అక్కడ వదిలింది దేవుని పేరు మీద ఉన్న నమ్మకంతోనే.

దైవజనుడు మంచివాడు, ఇక అడిగేదేముంది అనే మాట మనలో తరచు వినిపిస్తుంది. దానికి జవాబు జాన్ వానియే కథలో ఉంది. 1964లో ఫ్రాన్సులో ఆయన బుద్ధిమాంద్యం ఉన్న ఇద్దరిని తన ఇంటికి తెచ్చుకుని వారితో కలిసి జీవించాడు. ఆ ఇల్లే లార్ష్ అనే సంస్థగా ఎన్నో దేశాలకు పాకింది. మన దేశంలో దాని ఇళ్ళను ఆశానికేతన్ అంటారు. లోకమంతా ఆయనను పరిశుద్ధుడిగా చూసింది. ఆయన 2019లో చనిపోయాడు. ఆత్మీయ సలహా కోసం వచ్చిన స్త్రీలను ఆయన లైంగికంగా వాడుకున్నాడని 2020లో లార్ష్ సంస్థే విచారణ చేయించి ప్రకటించింది. బాధితుల్లో దివ్యాంగులు ఉన్నట్టు తేలలేదు. అయినా పాఠం ఒక్కటే. ఎంతటివారైనా ప్రశ్నకు అతీతులు కారు. స్థాపకుని తప్పును దాచకుండా తానే బయటపెట్టిన ఆ సంస్థ నిజాయితీ కూడా మనం నేర్చుకోదగినది.

మన చట్టం ఏమంటోంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ దివ్యాంగుల సంస్థ నడపకూడదు. సంఘం నడిపినా, ట్రస్టు నడిపినా ఇదే నియమం. 18 ఏళ్ళ లోపు పిల్లలుంటే బాలల న్యాయ చట్టం కింద కూడా నమోదు కావాలి. తన సంరక్షణలో ఉన్న దివ్యాంగుడికి తెలిసి తెలిసి తిండి, నీరు ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. దివ్యాంగులపై హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే మన మండలంలో తహసీల్దారుకు, తెలియజేయవచ్చు. పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయవచ్చు. బిడ్డకు 18 నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించమని, 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీని కోరవచ్చు. తాము బతికి ఉండగానే ఆ పని చేసుకుంటే తల్లిదండ్రుల దిగులు కొంత తీరుతుంది.

అయితే కాగితం ఒక్కటే కాపాడదని వింటర్‌బోర్న్ చెప్పింది. కాబట్టి మన సంఘం ఏ హోముకైనా కానుక పంపే ముందు కొన్ని సంగతులు చూడాలి. రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా? తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా లోపలికి రానిస్తారా? రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది సిబ్బంది మెలకువగా ఉంటారు? ఆడపిల్లలకు స్నానం చేయించేది స్త్రీలేనా? మత్తుమందులు డాక్టరు రాసినవేనా, రోజూ ఎవరికి ఏమిచ్చారో పుస్తకంలో రాస్తున్నారా? తలుపులకు తాళం వేస్తే నిప్పంటుకున్నప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, దేనికి ఖర్చవుతోంది? మంచి హోములు ఈ ప్రశ్నలకు నొచ్చుకోవు. అడిగేవారు ఒకరైనా వచ్చారని సంతోషిస్తాయి.

మనవైపు దిద్దుకోవలసినవీ ఉన్నాయి. విందులో మిగిలి, పొద్దుటినుంచి ఉన్న బిరియాని పంపడం దానం కాదు. వాళ్ళను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం ప్రేమ కాదు. వాళ్ళ పేర్లు అడిగి, పక్కన కూర్చుని అదే అన్నం తినండి. మూడోసారి వెళ్ళేసరికి ఎవరు చిక్కిపోయారో, ఎవరు మీ చేతిని చూసి ఉలిక్కిపడుతున్నారో, ఎవరు కనిపించడం లేదో మీకే తెలుస్తుంది. తనిఖీ అధికారి ఏడాదికోసారి వచ్చి కనిపెట్టలేనిది నెలనెలా వచ్చే ఒక అక్కయ్య కనిపెట్టగలదు.

ఇంకో మాట. చాలా కుటుంబాలు బిడ్డను హోముకు పంపేది ఇష్టంతో కాదు, అలసిపోయి. వారంలో ఆరు రోజులు మూసి ఉండే మన మందిరపు హాలులో, శిక్షణ పొందిన ఒక మనిషిని పెట్టి వారానికి రెండు రోజులు ఆ పిల్లలను చూసుకుంటే, ఎందరో తల్లులు బిడ్డను ఇంట్లోనే ఉంచుకోగలుగుతారు.

సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. మీకు దగ్గరలో ఉన్న ఒక హోమును ఎంచుకోండి. సంఘంలో ఇద్దరిని, వారిలో ఒకరు స్త్రీ అయ్యేలా, దానికి నియమించండి. నెలకొకసారి, ముందుగా చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వాళ్ళు వెళ్ళిరావాలి. చూసింది సంఘానికి చెప్పాలి. తప్పు కనిపిస్తే అది మన సంస్థే అయినా దాచకూడదు. రెండు దేనారాలు మనం ఇస్తూనే ఉన్నాం. తిరిగి వెళ్ళడమే మిగిలి ఉంది.