తప్పు చేతిదా, కట్టెదా?

'ఆడలేక మద్దెల ఓడు' అంటారు పెద్దలు. మా సంఘంలో ఒకసారి ఇది తలకిందులుగా జరిగింది. మద్దెల నిజంగానే ఓడుగా ఉంటే, మేము ఆడేవాణ్ణి తప్పుపట్టాము.

అది 2019 ఏప్రిల్ 14, మట్టల ఆదివారం. తిరుపతిలో ఆరాధన జరుగుతోంది. గాయక బృందం పాట ఎత్తుకోగానే బేస్ గిటార్ నుంచి 'జుయ్'మని ఒకటే రొద. ఆరాధన ముగిశాక, వాయించిన తమ్ముణ్ణి అందరి ముందూ మందలించాము. "సాధన చేయకుండా ముందుకొస్తే ఇలాగే ఉంటుంది" అన్నాము. ఇంటర్ చదివే కుర్రవాడు. తల వంచుకొని విన్నాడు, బదులు చెప్పలేదు. బుధవారం సాధనకు మాత్రం రాలేదు.

గురువారం ఉదయం గిటార్ పట్టుకొని చిత్తూరు బస్సెక్కాము. అక్కడ హార్మోనియంలు, గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన గిటార్‌ను కంటికి ఎదురుగా పట్టి, తుపాకి గురిచూసినట్లు నెక్ పొడవునా చూశారు. "పిల్లోడి చెయ్యి కాదయ్యా, కట్టె ఎండింది" అన్నారు.

వీణకు 24 మెట్లను మైనంలో అమరుస్తారు. గిటార్ మెట్లు అలా కాదు, కట్టెలోకి దిగగొట్టిన లోహపు కడ్డీలు. వాటినే ఫ్రెట్లంటాము. మీటిన తీగ అటూ ఇటూ ఊగుతుంది. బేస్‌లోని లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు, మిగిలిన తీగల కంటే వెడల్పుగా ఊగుతుంది. ఆ ఊపుకు చోటు చాలకపోతే ముందున్న ఫ్రెట్లకు తగిలి రొద చేస్తుంది. అందుకే నెక్ గీత గీసినట్లు తిన్నగా ఉండకూడదు, మధ్యలో రవ్వంత లోతుండాలి. మా గిటార్‌ను డిసెంబరులో, తేమ ఉన్న రోజుల్లో చెన్నైలో కొన్నాము. వేసవిలో రేకుల గదిలో పెట్టాము. కట్టెలోని తేమ ఆరిపోయి ఆ లోతు కాస్తా పోయింది.

పెద్దాయన చేసిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసేచోట మరో చేత్తో నొక్కాలి. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందమంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు కనబడాలి. మా గిటార్‌లో తీగ ఫ్రెట్లకు అంటుకుపోయి ఉంది.

నెక్ లోపల ట్రస్‌రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. ఆయన తీగలు కొంచెం వదులుచేసి, దానికి సరిపోయే కీతో ఎడమవైపుకు పావు చుట్టు మాత్రమే తిప్పారు. మళ్లీ శ్రుతి చేసి చూశారు. ఇంకో పావు చుట్టు తిప్పాక సందు కనబడింది, రొద ఆగింది. బలవంతంగా తిప్పితే కడ్డీ విరుగుతుందనీ, అప్పుడు బాగుచేయడం చాలా కష్టమనీ హెచ్చరించారు.

రొద ఎక్కడ వస్తుందో గమనిస్తే కారణం కొంత తెలుస్తుందట. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో వస్తే నెక్‌ను, పై ఫ్రెట్లలో వస్తే బ్రిడ్జి దగ్గర తీగ ఎత్తును చూడాలి. ఒక్కచోటే వస్తే దాని తర్వాతి ఫ్రెట్ పైకి లేచి ఉండవచ్చు. నొక్కకుండా మీటినప్పుడే వస్తే నట్ గాడి అరిగి ఉండవచ్చు. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు వేలు ఫ్రెట్‌కు దగ్గరగా పడుతోందా, మరీ గట్టిగా మీటుతున్నామా అని చూసుకోవాలి. చేతి తప్పు ఆఖరున చూడవలసింది. మేము దానినే మొదట పట్టుకున్నాము.

వాద్యాల స్వరాలు స్పష్టంగా పలకకపోతే వినేవారికి ఏమి తెలుస్తుందని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు అడుగుతాడు. ఆ సాయంత్రం మేము ఆ తమ్ముడి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట క్షమాపణ అడిగాము. గిటార్ చేతికిచ్చాము. ఈస్టరు వేకువ ఆరాధనలో అతడే వాయించాడు. పాట అయ్యాక, అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాము.

ప్రియులారా, కట్టెకు రవ్వంత వంపు ఉంటేనే తీగ పలుకుతుంది. పెద్దలమైన మాకూ అది అవసరమని ఆ వారం తెలిసింది.