రేపటికి వాయిదా వేస్తే భయం ఎందుకు పెరుగుతుంది?

బడిలో సార్ మిమ్మల్ని బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయమన్నారు. గుండె దడదడ! "రేపు చేస్తా సార్" అనగానే ఎంత హాయి! మరి రేపు భయం ఇంకాస్త ఎక్కువవుతుందేం?

మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. అది ఇంటి కుక్కలాంటిది. వచ్చింది దొంగో చుట్టమో చూడకముందే మొరుగుతుంది. వెంటనే అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులకు చెమట పడుతుంది. మీరు తప్పించుకున్నారనుకోండి, 'నేను మొరగబట్టే గండం గడిచింది' అనుకుంటుందా కుక్క. మర్నాడు గొంతు పెంచుతుంది! అదే చుట్టం పదేపదే వచ్చి, ఏ హానీ చేయకపోతే మెల్లగా ఊరుకుంటుంది. (కరెంటు తీగ దగ్గర, బావి అంచున మాత్రం దాని మాట వినాల్సిందే.)

భయాన్ని ఇలా మెట్టు మెట్టుగా అలవాటు చేసుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ నేరుగా ఎవరెస్ట్‌కు పోలేదు. గురుకులంలో చదువుతూ ముందు భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు.

ఇక వాయిదా వల్ల పోయే టైమ్ సంగతి. పది నిమిషాల లెక్క కోసం సాయంత్రమంతా దిగులుపడతాం, ఆటలోనూ మనసుండదు. ఆ పది నిమిషాలేవో బడి నుంచి రాగానే ఇచ్చేయండి. పూర్ణలాగే మెట్టు మెట్టుగా, లెక్కను ముందు అక్కకు చేసి చూపండి, తర్వాత పక్క బెంచీ దోస్తుకు, ఆపైన బోర్డు మీద.