రామప్ప బొమ్మలకు పేరొచ్చింది, పటం కత సంగతేంది?

మా మొగుళ్లపల్లి దిక్కు నుంచి రామప్పకు పొయ్యేటోళ్లు ఇప్పుడు మస్తుగైండ్రు. 2021 జులైల యునెస్కో గుర్తింపు వచ్చినంక ఐతారం వచ్చిందంటే చాలు, ఆటోలు, కార్లు అటే. మంచిదే. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. నల్లరాతి మదనికలను, స్తంభాల మీద ఆడెటోళ్ల బొమ్మలను చూసి అందరు నోరు తెరుస్తరు. గని ఆ ఆటలను శిల్పులు ఎక్కడ చూసిండ్రు అని అడిగెటోడు లేడు.

జవాబు పాత పుస్తకాలల్లనే ఉన్నది. గణపతిదేవుని ఏనుగుల దళానికి పెద్ద జాయప సేనాని. ఆయన 1253-54ల ‘నృత్త రత్నావళి’ రాసిండు. రాసింది సంస్కృతంలనే. గని ఎనిమిది అధ్యాయాలల్ల నాలుగు మార్గ పద్ధతికిస్తే, కడమ నాలుగు దేశి ఆటలకే ఇచ్చిండు. పేరణి, కోలాటం అన్నీ అండ్ల ఉన్నయ్. నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్ని, రామప్ప బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసే పేరిణిని మళ్ల నిలబెట్టిండు. జనగామ దిక్కు పాలకుర్తి సోమన సంగతి గూడ గదే. ‘పండితారాధ్య చరిత్ర’ల తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అనుకుంట జనం పాడుకునే పాటల పేర్లు వరుసబెట్టి రాసిపెట్టిండు. అంటే సేనాపతి అయినా, కవి అయినా మన వాకిట్లకు వచ్చి చూసి, విని రాసుకున్నోళ్లే.

మరి ఆ వాకిలి ఇప్పుడెట్లున్నది?

నా చిన్నతనంల మా గొల్లోళ్ల వాడకు మందెచ్చులోళ్లు వచ్చేది. పెట్టెల నుంచి బొమ్మలు ఒక్కొక్కటి తీసి, కాటమరాజు కత రాత్రంతా చెప్పేది. మేం పిల్లగాండ్లం కత సగం గాకముందే గొంగడిల పడి నిద్రపొయ్యేటోళ్లం, తెల్లారి లేచి ‘యుద్ధమైందా?’ అని అడిగేటోళ్లం. గొల్లోళ్లకే గాదు, ఒక్కో కులానికి ఒక్కో కత, ఆ కత చెప్పెటోళ్లు వేరే. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు. ముదిరాజులకు కాకిపడిగెలోళ్లు పాండవుల కత, మాదిగలకు డక్కలోళ్లు జాంబ పురాణం. కురుమోళ్ల ఒగ్గు కత ఎట్లుంటదో జనగామ దిక్కు చుక్క సత్తయ్య లోకానికే చూపించిండు, 2017ల పోయిండు.

చాన మంది కత చెప్పేటప్పుడు పటం కట్టెటోళ్లు. మూడడుగుల వెడల్పు, అరువై అడుగుల దాక పొడువు ఉండే గుడ్డ. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తరు. ఆరినంక ఎర్రటి నేల మీద బొమ్మలేస్తరు. చేర్యాల నకాషీలు ఈ పని చేసేది. పటం పాతబడి పనికి రాకుంట అయితే, మనిషి పోయినట్టే శాస్త్రం జేసి నీళ్లల్ల కలిపి, కొత్తది వేయించుకునేది. ఏ ఊరు ఏ కుటుంబానిదో ముందే పంచుకొని ఉండేది, దాన్నే మిరాశి అంటరు. రెండుమూడేండ్లకోసారి ఆ ఊరికి వాళ్లే రావాలె, ఊళ్లె కులపోళ్లు వడ్లో, గొర్రెనో, పైసలో కట్నం ఇయ్యాలె. అది బిచ్చం గాదు, హక్కు. ఇక్కడ మనం పప్పుల కాలేసినం: హక్కుగ అడిగినోన్ని అడుక్కుంటున్నడన్నం.

మగ్గాలు మూలకు వడ్డయి, సాలోళ్లు భీవండికి, సూరత్‌కు పోయిండ్రు. ఇచ్చెటోళ్లు ఊళ్లె లేకపాయె, ఉన్నోళ్లు టీవీ ముందల గూసున్నరు. కత చెప్పెటోళ్ల పిల్లలు సిగ్గువడి వేరే కూలికి పోయిండ్రు. పటం వేయించుకునెటోడు లేక నకాషీలు గోడకు పెట్టుకునే ఫ్రేములు, మాస్కులు జేసుడు మొదలువెట్టిండ్రు. చేర్యాల బొమ్మకు జీఐ గుర్తింపు వచ్చింది, వాళ్ల కడుపు నిండాలె, నాకు సంతోషమే. గని షోకేసుల ఉన్న బొమ్మను జూపెట్టి ‘గీయన ఎవరు, ఏం జేసిండు’ అంటే చెప్పెటోడు లేడు.

సర్కారు ఏం జేస్తలేదని అనను. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ వచ్చింది. ఒక్కరికి వస్తే వంద మందికి ధైర్యం. గని మిరాశి కుటుంబాలు ఎన్ని మిగిలినయ్, ఎవరి దగ్గర ఏ కత పూర్తిగ ఉన్నది అనేది మండలాల వారీగ రాసిపెట్టాలె గదా. ముసలోళ్లు ఉండంగనే కత మొత్తం, మూడు రాత్రులైతే మూడు రాత్రులు, రికార్డు జెయ్యాలె, చెప్పినోళ్లకు రోజు కూలి గట్టియ్యాలె. గుడి దగ్గర టూరిస్టుల కోసం పది నిమిషాల ఆట ఆడించుడు దీని కింద లెక్క గాదు.

అప్పటిదాక ఒక పని మన చేతులనే ఉన్నది. ఈ ఎండాకాలం పటం పట్టుకొని ఎవరన్న మీ వాడకు వస్తే, పది రూపాయలు చేతుల వెట్టి పంపకుండ్రి. చాప ఏసి, కూసోవెట్టి, ‘ఏ ఊరు మీది, ఎవరి మిరాశి?’ అని అడుగుండ్రి.