అయ్యగారి పేరుతో వచ్చే సందేశం

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ కాలనీలు పెరిగేకొద్దీ చర్చిల వ్యవహారం ఫోన్లలోకి చేరింది. ఆరాధన వేళలు, ప్రార్థన మనవులు, భవన నిధి కానుకలు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి వేరే జిల్లా నుంచి వచ్చిన కుటుంబానికి అయ్యగారు, అంటే పాస్టర్, ఆదివారం ఎదుట కనిపిస్తారు. మిగతా రోజుల్లో ఆయన ఒక పేరు, ఒక ఫొటో. ఆ రెండూ ఎవరైనా పెట్టుకోవచ్చు. వాట్సాప్ ఓటీపీతో నంబరును సరిచూస్తుంది గానీ పేరును, ఫొటోను సరిచూడదు. ఈమెయిల్‌దీ అదే లోపం. ఈమెయిల్ పంపడానికి వాడే 1982 నాటి ఎస్ఎంటీపీ నియమాల్లో పంపినవారెవరో తేల్చే ఏర్పాటే లేదు. తర్వాత వచ్చిన ఎస్‌పీఎఫ్, డీకిమ్ తనిఖీలు చూసేది చిరునామాలో @ తర్వాత ఉండే డొమైన్‌నే. పాస్టర్ పేరుతో జీమెయిల్ ఖాతా తెరిచినవాడు వాటిని సులువుగా దాటేస్తాడు.

పేరు, ఫొటో నమ్మలేనప్పుడు అక్షరదోషాలు చూసి మోసాన్ని పట్టుకోమనే సలహా కూడా చాలదంటాను. తప్పుల్లేని తెలుగును ఇప్పుడు యంత్రాలే రాసిపెడుతున్నాయి. గమనించాల్సింది అడిగే తీరును. పాస్టర్లు, రబ్బీలు, బిషప్పుల పేరిట గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి వెనకున్న నంబర్లు రాబట్టే మోసం గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించింది. నంబరు చేతికందగానే డబ్బు వాడేస్తారు; తిరిగి రావడం చాలా కష్టం. "మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయొద్దు", "ఆసుపత్రిలో ఒక సోదరికి అత్యవసరం", "ఎవరికీ చెప్పొద్దు": ఇలాంటి మాటలన్నిటి పనీ ఒకటే, మనం అయ్యగారితో నేరుగా మాట్లాడకుండా చూడటం. కాబట్టి మనం చేయాల్సింది సరిగ్గా అదే: సందేశం వచ్చిన నంబరుకు కాకుండా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేయడం.

దైవసేవకుణ్ణి అనుమానించడం తప్పు కాదా అని కొందరు బాధపడతారు. ఆ భక్తినే మోసగాడు వాడుకుంటున్నాడు. ఇక్కడ అనుమానం నంబరు మీదే, మనిషి మీద కాదు. ఈలోగా నిజంగా ఆపదలో ఉన్నవారికి ఆలస్యమవుతుందేమో అంటారా? ఒక ఫోన్ కాల్‌కు పట్టేది రెండు నిమిషాలు. బిల్లు నేరుగా ఆసుపత్రికే కట్టవచ్చు. యూపీఐలో పిన్ కొట్టేముందు ఖాతాదారు పేరు కనిపిస్తుంది. అది చర్చి పేరు కాకపోతే, ఎంత నమ్మదగిన కారణం చెప్పినా ఆగాలి. అయితే ఈ భారమంతా విశ్వాసుల మీదే వేయడం న్యాయం కాదు. వ్యక్తిగత సందేశంలో ఎవరూ డబ్బు అడగరని సంఘ పెద్దలు ఆరాధనలోనే ప్రకటించాలి, చర్చి ఖాతా వివరాలు నోటీసు బోర్డు మీద ఉంచాలి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాకు మారకముందే బ్యాంకులు నిలిపివేయగలిగేది ఆ తొలి గంటల్లోనే. గ్రూపులోనూ చెప్పాలి, అదే సందేశం మరికొందరికీ వెళ్లి ఉండవచ్చు.