మాఘ ఫాల్గుణ మాసాలలో తోటపని (కడప జిల్లా)

మాఘ, ఫాల్గుణ మాసాలను శిశిర ఋతువు అంటారు. ఇది ఇంచుమించు జనవరి చివరి నుండి మార్చి నెల వరకు ఉంటుంది. కడప జిల్లాలోని పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో ఈ కాలపు తోటపనిలో కీలకమైనది చెట్లకు నీరు ఆపడం, ఆపిన నీటిని సకాలంలో తిరిగి పెట్టడం.

చీనీ తోటలు

పులివెందుల ప్రాంతం చీనీ, అరటి తోటలకు పేరు పొందినది. కోస్తాలో బత్తాయి అనబడే పండునే రాయలసీమలో చీనీ అంటారు. ఎక్కువగా పెంచేది సాత్‌గుడి రకం. నీరు పుష్కలంగా అందుతున్నంత కాలం ఈ చెట్టు కొమ్మలు, ఆకులు వేస్తూ, ఏడాది పొడవునా చెదురుమదురుగా పూస్తుంది. కొన్నాళ్ళు నీరు ఆపితే ఎదుగుదల నిలిచి, కొమ్మలలో పిండిపదార్థాలు నిల్వ చేరతాయి. అటు తరువాత పాదులు త్రవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టగానే చెట్టంతా ఒకేసారి పూతకు వస్తుంది. దీనిని బెట్టకు గురిచేయడం అంటారు. డిసెంబరులో నీరు ఆపి జనవరిలో తిరిగి పెట్టిన తోట ఫిబ్రవరి నాటికి పూస్తుంది. కాయలు సుమారు ఎనిమిది, తొమ్మిది నెలలకు కోతకు వస్తాయి.

ఎన్నాళ్ళు ఆపాలన్నది నేలను బట్టి ఉంటుంది. తేలికపాటి ఎర్రనేలలో కొద్దిరోజులకే చెట్టు వాడుతుంది. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కనుక ఎక్కువ రోజులు పడుతుంది. మధ్యాహ్నం వాడిన ఆకు రాత్రి గడిచేసరికి తేరుకుంటే చెట్టులో సత్తువ ఉన్నట్లే. తెల్లవారినా ముడుచుకునే ఉన్నదంటే ఇక ఆలస్యం చేయరాదు.

బోరుబావిపై ఆధారపడిన రైతుకు మరొక ప్రమాదం ఉన్నది. బెట్ట ముగిసేనాటికి బోరు అడుగంటితే పూత, పిందె రాలిపోతాయి. చెట్టే ఎండిపోతే ఏళ్ళ తరబడి పెంచిన శ్రమ వృథా అవుతుంది. గండికోట జలాశయం నుండి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు నీటిని ఎత్తిపోసే ఏర్పాటు ఉన్నప్పటికీ, కాలువ అందని తోటలకు ఈ దిగులు తప్పదు.

పెరటి మొక్కలు

ప్రొద్దుటూరు ఇళ్ళ పెరళ్ళలో మల్లెకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చలికాలంలో నీరు తగ్గించి, జనవరి, ఫిబ్రవరి నెలలలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువుతో నీరు పెడితే మార్చి నుండి మొగ్గలు వస్తాయి. కాపు కాసే మామిడికి పూతకు ముందు నీరు పెడితే పూతకు బదులు కొత్త చిగుళ్ళు వస్తాయి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీరు పెట్టడం మేలు. పువ్వులు విచ్చుకున్న వేళ పురుగుమందు చల్లడం తగదు. పరాగసంపర్కం జరిపే తేనెటీగలు, ఈగలు చనిపోతాయి.

పొలాల వెంట నడక

జమ్మలమడుగు పరిసరాల నల్లరేగడి పొలాలలో శనగ కోతకు వచ్చేది ఈ రోజులలోనే. అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన ఈ పైరు ప్రధానంగా నేలలో నిలిచిన తేమతోనే పండుతుంది. శనగ ఆకులపై ఆమ్లం ఊరుతుంది. పచ్చి చేలో మంచు ఆరకముందు నడిస్తే కాళ్ళు మంట పుడతాయి. అందుచేత గట్లమీద నడవడమే మంచిది. పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట వద్ద ఎర్రమల కొండలను కోసుకొని పారే పెన్నానది లోయను చూడవచ్చు. ఫాల్గుణంలో దారి పొడవునా వేపచెట్లు పాత ఆకు రాల్చి లేత చిగురు తొడుగుతూ కనిపిస్తాయి. మార్చి మధ్యకు ఎండ ముదురుతుంది, కొండపై నీడ తక్కువ. కనుక ఉదయం తొమ్మిది గంటలలోపు తిరిగి రావడం ఉత్తమం.