మీకు తెలుసా? వెయిటర్ల ఆటపాటలు

క్రూయిజ్ ఓడల్లో కొందరు వెయిటర్లు వడ్డించడమే కాదు, ఆడి పాడతారు కూడా. కార్నివాల్ సంస్థ ఓడల్లో రాత్రి భోజనం మధ్యలో సంగీతం మొదలవగానే బల్లల నడుమ చిందులేస్తారు. బరువైన పళ్లేలు మోసే పనికి ఇది అదనం; ఆ శ్రమ మెచ్చుకోదగినది. ఈ వేడుకల్లో బాగా పేరున్నది 'బేక్డ్ అలాస్కా' ఊరేగింపు. బేక్డ్ అలాస్కా ఒక తీపివంటకం: కేకు మీద ఐస్‌క్రీమ్ పెట్టి, చక్కెర కలిపి గిలకొట్టిన గుడ్డు తెల్లసొన నురగతో కప్పి, పైపైన కాలుస్తారు. నురగలోని గాలి బుడగలు వేడిని త్వరగా లోపలికి పోనివ్వవు కాబట్టి ఐస్‌క్రీమ్ కరగదు. ఒకప్పుడు దీపాలార్పి, మండుతున్న ఆ తీపివంటకాన్ని ఎత్తిపట్టుకుని వెయిటర్లు వరుసగా వచ్చేవారు. ప్రయాణికులు నాప్‌కిన్లు గిరగిరా తిప్పేవారు. నడిసముద్రంలో నిప్పు పెద్ద ప్రమాదం. అందుకే మంటల స్థానంలో బ్యాటరీ దీపాలు వచ్చాయి.